అద్దెయింటిలో అడ్డుగోడ

వ్రతములను మనము గురువుల సన్నిధిని స్వీకరింతుము. వాని పరీక్ష మాత్రము చిట్టా ఆవర్జాల దగ్గర జరుగును. వర్తక కుటుంబములలో పుట్టినవారికి ఈ మాట క్రొత్తది కాదు. అయినను గత సంవత్సరము మా యింట వచ్చిన చిన్న వ్యవహారమొకటి నన్నీ విషయమై మరల ఆలోచింపజేసినది. అట్టి వ్యవహారము మన సోదరులలో అనేకులకు వచ్చునదే గనుక, దానిని పాఠకుల యెదుట పెట్టుచున్నాను.

చెన్నపట్టణము షావుకారుపేటలో మాకు పెద్దలనాటి యిల్లొకటి గలదు. క్రింద దుకాణమును గిడ్డంగియు. మేడమీద నడిమి ముంగిలి చుట్టును నాలుగు గదులు, వీధి మొదలు ముంగిలి వరకు సాగిన పొడుగాటి హాలు ఒకటి. గది యొక్కొక్కటి పండ్రెండడుగుల వెడల్పు, పదడుగుల లోతు. ప్రతి గదికి ముంగిలివైపు తలుపు, వెలుపలివైపు ఒక కిటికీ. చుట్టుపట్ల టోకు దుకాణములలో పనిచేయు గుమాస్తాలు, వారి కుటుంబములు వానిలో కాపురమున్నారు. హాలు చాలకాలముగా పాత సామానులతో నిండియుండెను.

ఒకనాడు మా రెండవవాడు లెక్క కాగితముతో వచ్చి కూర్చుండెను.

"నాన్నగారూ, ప్రతి గదికీ నడుమ అడ్డుగోడ పెడితే నాలుగు గదులు ఎనిమిదవుతాయి. ఒక్కొక్కటి తొమ్మిదివేలకు బదులు ఆరువేలకిద్దాం. ఉండేవాడికి మూడువేలు మిగులు. మనకు నెలకు పన్నెండువేలు లాభం. ఇందులో ఎవరికి నష్టం?"

లెక్కలో తప్పు లేదు. నాలుగు తొమ్మిదులు ముప్పదియారు, ఎనిమిదార్లు నలువదియెనిమిది. సంవత్సరమునకు 1,44,000 రూపాయల అదనపు రాబడి. గోడల ఖర్చు కొద్ది నెలలలో తీరిపోవును. పైగా వాడింకొక మాట యనెను. "ఊళ్లో గది దొరకక కుర్రాళ్లు దుకాణాల అరుగుల మీద పడుకుంటున్నారు. మనం ఎనిమిది మందికి నీడ ఇవ్వగలిగి నలుగురికే ఇవ్వడం ధర్మమా?"

ఈ ప్రశ్న త్రోసివేయదగినది కాదు. నేను వెంటనే సమాధానము చెప్పలేక పోతిని. పదిదినములు గడువడిగి, మన వ్రతములను ఒక్కొక్కటిగా ఆ గోడ ప్రక్కన పెట్టి చూచుకొంటిని.

మొదటిది అహింస. శ్రావకుని అహింసాణువ్రతమునకు అయిదు అతిచారములను ఉమాస్వాతి తత్త్వార్థ సూత్రమున లెక్కించినాడు: బంధము, వధ, ఛేదము, అతిభారారోపణము, అన్నపాననిరోధము. ఇందు నాలుగవదియగు అతిభారారోపణ మనగా మోయగల దానికంటె ఎక్కువ బరువు పెట్టుట. ఎద్దుబండి నడిపించిన కాలమున మన తాతలు దీనిని చక్కగా నెరిగియుండిరి. బండిమీద ఒక బస్తా ఎక్కువైనచో దింపించెడివారు. ఇప్పుడు మనకు ఎద్దులు లేవు. కాబట్టి ఆ అతిచారము మనకు తగులదని తలచుచున్నాము.

తాపీమేస్త్రీని పిలిచి యడిగితిని. నాలుగున్నర అంగుళముల మందము, పదడుగుల పొడుగు, పదడుగుల ఎత్తు గల ఇటుకగోడ సుమారు రెండు టన్నుల బరువుండును. మా మేడ పాతకాలపు మద్రాసు మిద్దె. అనగా టేకు దూలములపై ఇటుకలను నిలువుగా పేర్చి సున్నముతో కట్టినది. క్రింది గోడ యాధారము లేకుండ దూలముల నడుమ అట్టి గోడలు నాలుగు లేపినచో, ఆ దూలములపై ఎనిమిది టన్నులు పడును. "గోడ నిలుస్తుంది సేట్‌గారూ, మిద్దె సంగతి నేను చెప్పలేను," అనెను మేస్త్రీ. ఇటుకకు బదులు పలకలు బిగించినచో బరువు తగ్గును. కాని నిప్పంటుకొన్నచో ఆ పలకలే మొదట మండును. ఎనిమిది కాపురములకు దిగివచ్చు మెట్లు ఒక్కటే.

బరువు మిద్దెకు మాత్రమే కాదు. నాలుగు కాపురములకు చాలు నీటితొట్టి, మరుగుదొడ్డి, మురుగుకాలువ, కరెంటు తీగలు ఎనిమిదింటిని మోయవలెను. గదిని నిలువున చీల్చినచో ఒక సగమునకు కిటికీ వచ్చును, రెండవ సగమునకు రాదు. గాలి యాడని ఇరుకు గదిలో ఒకరికి క్షయ యున్నచో తక్కినవారికి సులభముగా సోకునని వైద్యులు చెప్పుదురు. వెలుగు సోకని తడిగదిలో బొద్దింకలు, నల్లులు చేరును. పిమ్మట వానిని చంపుటకు మందు కొట్టవలసి వచ్చును. సూర్యాస్తమయమునకు ముందే భుజింపవలెనని నియమము గల మనము, మధ్యాహ్నమైనను దీపము లేక అన్నము కనబడని గదిని మరియొకనికి అద్దెకిచ్చుట యెట్లు?

ఇది మనకు క్రొత్త పాఠము కాదు. 1896లో బొంబాయిలో ప్లేగు చెలరేగినప్పుడు, గాలి వెలుతురు లేని కిక్కిరిసిన ఇండ్లపై అందరి దృష్టియు పడినది. 1898లో నగరాభివృద్ధి ట్రస్టు ఏర్పడుటకు అదియే కారణము. ఆ నగరమున కామాఠిపుర మనుపేరు మన తెలుగు కూలీలగు కామాఠీలనుండియే వచ్చినది. 1920ల దశకమున అచ్చటి ప్రభుత్వము వర్లీ మొదలగు చోట్ల కూలీల కొరకు కట్టించిన చాళ్లలో గది యొక్కటికి 160 చదరపుటడుగులు. వానిని ఇరుకని అందరును నిందించిరి. మేము తలపెట్టిన సగము గది 60 చదరపుటడుగులు!

రెండవది అస్తేయము. ఇందలి అతిచారములలో మూడు మాకు నేరుగా తగిలినవి. హీనాధిక మానోన్మాన మనగా కొలతలో మోసము. నూటయిరువది చదరపుటడుగుల గది తొమ్మిదివేలైనచో అడుగు డెబ్బదియైదు రూపాయలు. అరువది అడుగుల గది ఆరువేలైనచో అడుగు నూరు రూపాయలు. అద్దె తగ్గినట్లు కనుపించును. నిజమునకు ధర పెరిగినది. కాపురస్థునకు మూడువేలు మిగిలినమాట నిజమే, కాని అతడు మూడువేలు మిగుల్చుకొని నాలుగువేల అయిదువందల జాగా పోగొట్టుకొనుచున్నాడు. బియ్యము శేరు తగ్గించి వెల కొంచెము తగ్గించిన వర్తకుని మనమేమందుము?

ప్రతిరూపక వ్యవహార మనగా ఒక దానిని చూపి మరియొక దాని నిచ్చుట. కిటికీ లేని చీలికను "గది" యని పత్రములో వ్రాయుట ఇట్టిదే. విరుద్ధరాజ్యాతిక్రమ మనగా రాజశాసనమును మీరుట. మన దేశపు జాతీయ భవన నియమావళి ప్రకారము నివాసపు గది ఒక్కటే యైనచో 9.5 చదరపు మీటర్లకు తక్కువ కారాదు. రెండు గదులున్నచో రెండవది 7.5 చదరపు మీటర్లు, వెడల్పు 2.1 మీటర్లు ఉండవలెను. మా సగము గది సుమారు 5.6 చదరపు మీటర్లు, వెడల్పు 1.8 మీటర్లు. ఆయా నగరముల నిబంధనలలో భేదములుండవచ్చును గాని, కిటికీ లేని గదిని ఏ నిబంధనయు మెచ్చదు.

మూడవది పరిగ్రహ పరిమాణము. హేమచంద్రాచార్యుడు 12వ శతాబ్దమున యోగశాస్త్రములో ఒక చమత్కారమైన అతిచారమును చెప్పినాడు. ఇండ్ల సంఖ్యకు పరిమితి పెట్టుకొన్న శ్రావకుడు ప్రక్కయిల్లు కూడ సంపాదించి, నడిమి గోడ పడగొట్టి, "రెండును కలిసి ఒక్కటే యిల్లు; నా వ్రతము చెడలేదు" అనుకొనును. లెక్క నిలిచినది, వ్రతము పోయినది. ఆనాటివాడు గోడ పడగొట్టి లెక్క సరిపెట్టుకొనెను. నేను గోడ కట్టి సరిపెట్టుకొనబోవుచుంటిని. ఇల్లు పెరుగలేదు, ఆశ మాత్రమే పెరిగినది.

ఇంతవరకు చెప్పినది ఒక ప్రక్క. అనేకాంతమును నమ్మినవారము గనుక రెండవ ప్రక్కయు చూడవలెను. మా వాడు చెప్పిన అరుగుమీది కుర్రవాడు కల్పన కాడు. మా తాతగారు ఈ పట్టణమునకు వచ్చిన క్రొత్తలో ఒక గిడ్డంగిలో పలువురతో కలిసి పండుకొనెడివారట. "నియమావళి చూపించి నిన్ను గదిలోనికి రానీయను" అనుట, నీడలేనివానికి అహింసగా తోచదు. గది విభజించుటయే పాపమన్నచో పేదవానికి పట్టణమున చోటే లేదు.

కాబట్టి ప్రశ్న గోడ కట్టవచ్చునా యని కాదు, ఏ గోడ యని. నాకు తోచిన పరీక్షలు నాలుగు. గోడ వెలసిన తరువాత ఇరుప్రక్కలకును కిటికీ, విడి తలుపు ఉండవలెను. మిద్దె, నీరు, మరుగుదొడ్డి, మెట్లు ఆ క్రొత్త భారమును మోయగలవని తెలిసినవాడు చూచి చెప్పవలెను. అడుగు లెక్కన అద్దె పెరుగకూడదు. కడపట, మన కుమార్తెను అల్లుని ఆ గదిలో ఒక సంవత్సరము కాపురముంచుటకు మనకు మనసొప్పవలెను. మన నీతి యంతయు ఈ నాలుగవదానియందే బయటపడును.

ఈ పరీక్షలకు మా నాలుగు గదులు నిలువలేదు. సామాను నింపిన హాలు నిలిచినది. అది యిరువదినాలుగడుగుల పొడుగు, పండ్రెండడుగుల వెడల్పు. వీధివైపు కిటికీలు, ముంగిలివైపు కిటికీలు గలవు. క్రింద దుకాణపు గోడ యున్నచోటనే మీద గోడ వచ్చునని మేస్త్రీ నిర్ధారించెను. దానిని ఖాళీచేసి, రెండుగా చేసి, ఇంకొక మరుగుదొడ్డి కట్టించితిమి. రెండు కుటుంబములు వచ్చినవి. అద్దె అడుగునకు డెబ్బదియైదు రూపాయలే. చీలిక గదులకైతే ఇంతకంటె ఎక్కువమంది వచ్చియుందురని మా వాడు ఇప్పటికిని అనుచుండును. అది నిజమే. మేము లేదనిన కుర్రవాండ్రు అంతకంటె చీకటిగదికి పోయియుండవచ్చును. ఆ దోషము నాపై కొంత యున్నదనియే తలచుచున్నాను. కాని ఒకడు చేయబోవు అన్యాయమునకు భయపడి, దానిని నేనే ముందుగా చేయుట సమాధానము కాదు.

సంవత్సరినాడు మనము చేతులు జోడించి "మిచ్ఛామి దుక్కడం" అని బంధువులకు, భాగస్వాములకు, దూరదేశములనున్నవారికి కూడ చెప్పుచున్నాము. ఈ యేడు నేను మేడమెట్లెక్కి, మా యింట కాపురమున్న ఆరు కుటుంబములకును చెప్పితిని. ఒక ముసలి గుమాస్తా నవ్వి, "ఏ తప్పుకు సేట్‌గారూ?" అని యడిగెను. దాదాపు చేయబోయిన తప్పునకని చెప్పి దిగివచ్చితిని. అద్దెకిచ్చిన గదులు గల సోదరులు ఒక్కపగలు ఆ గదులలో దీపమార్పి, తలుపు మూసికొని, గడియసేపు కూర్చుండి చూడవలెనని నా విన్నపము.