కొసరు, తరుగు: రెండూ ఆనవాయితీలేనా?

వ్యాపార మర్యాదలు దేశానికో తీరుగా ఉంటాయి. జపాను వ్యాపారి తన పేరు కార్డును రెండు చేతులతో అందిస్తాడు. అరబ్బుల దగ్గర అతిథికి ముందు కహ్వా పోస్తారు, బేరం సంగతి తరువాత. మన దగ్గర డబ్బు ఎడమచేత్తో ఇస్తే తప్పు పడతారు. ఇలాంటి వాటికి ఇస్లాం అడ్డు చెప్పదు. షరీఅత్‌కు విరుద్ధం కానంతవరకు స్థానిక ఆచారాన్ని, అంటే ఉర్ఫ్‌ను, ధర్మవేత్తలు లెక్కలోకి తీసుకున్నారు.

అయితే "ఇక్కడి ఆనవాయితీ ఇదే" అన్నంత మాత్రాన ప్రతిదీ ధర్మసమ్మతమైపోతుందా?

మహబూబాబాద్ జిల్లా గూడూరు వైపు పల్లెల్లో, తండాల్లో పత్తి పండుతుంది. ఇలాంటి చోట రెండు ఆనవాయితీలు మనకు బాగా తెలుసు. ఒకటి కొసరు. కూరగాయలు తూచాక నాలుగు పచ్చిమిరపకాయలో, కరివేపాకు రెబ్బో సంచిలో వేస్తారు. రెండోది తరుగు. పత్తి కాంటా వేశాక తేమ అని, చెత్త అని, సంచి బరువని చెప్పి బస్తాకు ఇంత అని కొట్టేస్తారు. మొదటిదానిలో అమ్మేవాడు తనది వదులుకుంటున్నాడు. రెండోదానిలో కొనేవాడు ఎదుటివాడిది తీసుకుంటున్నాడు.

సువైద్ బిన్ ఖైస్ (రజి) తెచ్చిన బట్టను దైవప్రవక్త (స) కొన్నారు. ఆ రోజుల్లో సొమ్మును కూడా తూచి ఇచ్చేవారు. తూచే మనిషితో ఆయన (స) కాస్త మొగ్గు ఉండేలా తూచమన్నారు. గమనించండి, అక్కడ కొనుగోలుదారు ఆయనే (స). మొగ్గు అమ్మినవాని వైపు!

"రైతుకు తెలిసే అమ్ముతున్నాడు కదా, మోసమెక్కడిది?" అని మన వ్యాపార సోదరులు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. పత్తి మీద నీళ్ళు చల్లి తెచ్చేవారూ ఉన్నారు. తడిసిన ధాన్యాన్ని కుప్ప అడుగున దాచిన వర్తకుణ్ణి ప్రవక్త (స) గట్టిగా మందలించారు కూడా. కాబట్టి తేమకు తగ్గింపు ఉండటమే తప్పని మేము అనడం లేదు. భారత పత్తి సంస్థ 8 శాతం వరకు తేమ ఉంటే పూర్తి మద్దతు ధర ఇస్తుంది, 12 శాతం వరకు దామాషాలో తగ్గిస్తుంది. యంత్రం పెట్టి చూసి చెప్పే లెక్క అది. పత్తిని చేత్తో నలిపి నోటికొచ్చిన అంకె చెప్పడం వేరు.

మదీనావాసులు పండ్లకు ఏడాది, రెండేళ్ళ ముందే సొమ్ము చెల్లించే ఆచారం పాటించేవారు. ప్రవక్త (స) దాన్ని రద్దు చేయలేదు. కొలత, తూకం, గడువు ఇరువురికీ ముందే తెలిసి ఉండాలన్నారు. పరస్పర అంగీకారంతో జరిగే వర్తకాన్నే ఖుర్ఆన్ (4:29) అనుమతించింది. విత్తనాలకు, ఎరువులకు అదే షావుకారు దగ్గర అప్పు తెచ్చిన రైతు, ఆటో కిరాయి ఇచ్చి బస్తాలు దింపేసిన రైతు, తరుగు మాట వినగానే తలవంచుకుంటాడు. ఆ మౌనాన్ని అంగీకారమని రాసుకోవడానికి మాకు మనసొప్పడం లేదు.

ఇంతకాలం అలా తీసుకున్నవారు ఏం చేయాలి? హక్కుదారు ఎవరో తెలియకపోతే అతని తరఫున దానం చేయమని పండితులు చెబుతారు. తెలిస్తే అతనికే చేర్చాలి. మన ఖాతా పుస్తకాల్లో రైతు పేరుంది, తండా పేరుంది, ఎన్ని బస్తాలో కూడా ఉంది.