పందెం ముగిసిపోయిన విమానం

విమానమన్నాక ఎగరాలి, మ్యూజియంలో నిలబెడితే అది కళేబరంతో సమానం అనే మాటను పాత విమానాల అభిమానులు ఎంత తేలిగ్గా అంటారో, వినేవారు అంతే తేలిగ్గా ఒప్పుకుంటారు. శిక్షణ విమానం విషయంలోనో, ప్రయాణికుల విమానం విషయంలోనో ఈ మాట చెల్లుతుంది. అవి పుట్టిన పనిని ఎన్నిసార్లయినా చేయగలవు. ఒకే ఒక్క పందెం కోసం తయారై, ఆ పందెం నెగ్గి, ఆ తరువాత తొంభై ఏళ్లుగా మిగిలి ఉన్న విమానం సంగతి వేరు. అందరికంటే ముందు గమ్యం చేరడమే దాని ధర్మం, ఎగరడం అందుకు దారి మాత్రమే; ఆ ధర్మం ఎప్పుడో నెరవేరింది. అలాంటప్పుడు ఇవాళ దాన్ని పైకి లేపే పైలట్ చేస్తున్న పని ఏమిటన్న సందేహానికి సూటిగా జవాబు దొరకదు.

ఇంగ్లండ్‌లోని ఓల్డ్ వార్డెన్‌లో, పాత విమానాలను ఎగిరే స్థితిలో ఉంచే షటిల్‌వర్త్ కలెక్షన్ అనే సంస్థ దగ్గరున్న ఎర్రటి డి హావిలాండ్ కామెట్ ఈ సందేహానికి సరైన ఉదాహరణ. మెల్‌బోర్న్ శతాబ్ది ఉత్సవాల సందర్భంగా మాక్‌ఫర్సన్ రాబర్ట్‌సన్ అనే మిఠాయిల వ్యాపారి పది వేల పౌండ్ల బహుమతితో ప్రకటించిన పందెం 1934 అక్టోబరు 20న ఇంగ్లండ్‌లోని మిల్డెన్‌హాల్‌లో మొదలైంది. బాగ్దాద్, అలహాబాద్, సింగపూర్, డార్విన్, చార్లెవిల్ తప్పనిసరి మజిలీలు. ఆ పందెం కోసమే డి హావిలాండ్ కంపెనీ ఒక్కొక్కటి ఐదు వేల పౌండ్ల చొప్పున, తనకు గిట్టుబాటు కాని ధరకు, మూడు కామెట్లను తయారుచేసి ఇచ్చింది. వాటిలో ‘గ్రోవెనర్ హౌస్’ అనే పేరుగలదాన్ని సి.డబ్ల్యు.ఎ. స్కాట్, టామ్ క్యాంప్‌బెల్ బ్లాక్ నడిపి, 71 గంటల్లో మెల్‌బోర్న్ చేర్చారు.

ఆ యంత్రాన్ని దగ్గరగా చూస్తే, దాన్ని ముందుకు పోవడానికే తప్ప మరి దేనికీ కట్టలేదని తెలుస్తుంది. ప్రధాన పెట్రోలు ట్యాంకులు ముందు భాగంలో ఉండటంతో పైలట్లు వాటి వెనుక ఒకరి తరువాత ఒకరు కూర్చోవాలి. నేలమీద తోక దించుకుని ఉన్నప్పుడు పొడవాటి ముక్కు ఎదుటి దారిని మూసేస్తుంది. ప్రొపెల్లర్ల ఏర్పాటు మరీ విచిత్రమైనది. ప్రొపెల్లర్ రెక్క గాలిని కోసే కోణాన్ని పిచ్ అంటారు. పైకి లేవడానికి తక్కువ పిచ్, వేగంగా సాగడానికి ఎక్కువ పిచ్ కావాలి. బయలుదేరే ముందు సైకిల్ పంపుతో గాలి కొట్టి రెక్కలను తక్కువ పిచ్‌లో ఉంచేవారు. విమానం వేగం అందుకున్నాక ఎదురుగాలి ఒత్తిడికి ఆ గాలి బయటికి పోయి, రెక్కలు ఎక్కువ పిచ్‌కు మారిపోయేవి. మళ్లీ నేలమీద దిగి పంపు తీసుకుంటే తప్ప వెనకటి స్థితి రాదు కాబట్టి, దిగడంలో గురి తప్పి మళ్లీ పైకి లేవాలనుకున్న పైలట్‌కు పైకి లేవడానికి తగిన పిచ్ అందుబాటులో ఉండేది కాదు.

ఇంత తెగింపుతో కట్టిన విమానాన్ని నేటి పైలట్ అణచి నడుపుతాడు. ఇంజిన్లను పూర్తి శక్తి అడగడు, కలప రెక్కల మీద అనవసరపు భారం పడనివ్వడు, గాలి అనుకూలంగా లేకపోతే అసలు బయటికే తీయడు. యుద్ధరథం తిరునాళ్లలో తాళ్లు పట్టి నడిపించే తేరు అయినట్టు. అప్పటి పైలట్ గొప్పతనం సాహసమైతే ఇప్పటి పైలట్ గొప్పతనం నిగ్రహమని, ఈ రెండింటికీ పొత్తు లేదని, కాబట్టి ఓల్డ్ వార్డెన్‌లో ఎగిరేది కామెట్ రూపమే తప్ప కామెట్ కాదని తేల్చేయవచ్చు.

అయితే పందెం చివరి దశలో జరిగిన సంగతి ఈ తేలికైన నిర్ణయానికి అడ్డు వస్తుంది. ఒక ఇంజిన్‌లో ఆయిల్ ఒత్తిడి పడిపోయిందని మీటరు చూపించింది. నిద్ర లేక, తిండి సరిగా లేక అలసిపోయిన ఆ ఇద్దరు ఆ ఇంజిన్ శక్తిని తగ్గించి, గెలుపు కళ్ల ముందున్నా కావాలనే నెమ్మదిగా సాగి, చివరి అంచెను అలాగే పూర్తిచేశారు. మీటరు చూపించినది తప్పని తరువాత తేలింది. ఇంజిన్‌కు ఏ లోపమూ లేదు. దీనికి భిన్నంగా మరో కామెట్‌లో బయలుదేరిన జిమ్ మోలిసన్, ఎమీ జాన్సన్ దంపతులు కరాచీ వరకు అందరికంటే ముందుండి, అలహాబాద్ దారి తప్పి జబల్‌పూర్‌లో దిగి, తగిన ఇంధనం దొరక్క బస్సు కంపెనీ పెట్రోలు పోయించుకుని బయలుదేరారు. దానితో ఇంజిన్ చెడిపోయి, అలహాబాద్‌లోనే పందెం నుంచి తప్పుకున్నారు. నెగ్గిన విమానంలోనే నిగ్రహం ఉందన్నమాట. అది ఈనాటి జాగ్రత్తపరులు కామెట్ మీద రుద్దినది కాదు.

అయినా తేడా పూర్తిగా పోదు. స్కాట్ నిగ్రహానికి ఎదుట మెల్‌బోర్న్ ఉంది. నేటి పైలట్ నిగ్రహానికి ఎదుట ఏమీ లేదు. ఫలాపేక్ష లేని కర్మ ఇదేనని సంతోషించడానికి వీల్లేదు, ఎందుకంటే చప్పట్లూ, గతం మీది మమకారమూ ఫలాలే. పైగా స్కాట్ పణంగా పెట్టినది తన ప్రాణాన్ని, డబ్బు పెడితే మళ్లీ కట్టగల యంత్రాన్ని. నేటి పైలట్ తన ప్రాణంతోపాటు, ఇంకా పుట్టనివారికి చెందవలసిన వస్తువును కూడా పణంగా పెడుతున్నాడు. దానికి ఎవరి అనుమతీ తీసుకోలేడు. ప్రమాదానికి వేగమే అవసరం లేదు కూడా: క్యాంప్‌బెల్ బ్లాక్ 1936 సెప్టెంబరులో లివర్‌పూల్‌లోని స్పీక్ విమానాశ్రయంలో, తన పందెపు విమానం నేలమీద ఉండగానే మరో విమానం వచ్చి ఢీకొనడంతో మరణించాడు. దీన్నిబట్టి అసలు కామెట్‌ను లోపల భద్రపరచి, దాని నకలును ఎగరేయాలనే వాదమే బలమైనదవుతుంది. పైలట్ నేర్పును నకలు కూడా నిలబెడుతుంది కదా. ఈ తర్కంలో దోషం కనిపించదు.

బహుశా దోషం తర్కంలో కాక, అభిమానులు ఎంచుకున్న సమర్థనలో ఉంది. ఎగరేయడం ద్వారా విమానాన్ని కాపాడుతున్నామని వారు అంటారు. నిజానికి ప్రతి ఎగురుడులోనూ కలప, జిగురు, లోహం కొంత అరుగుతాయి. అరిగినచోట కొత్తది చేరుతుంది. 1987లోనూ, సుదీర్ఘ మరమ్మతుల తరువాత 2014లోనూ మళ్లీ గాలిలోకి లేచిన కామెట్ విషయంలో జరిగినదానికి పరిరక్షణ కంటే నిదానమైన ఖర్చు అన్న పేరే సరిపోతుంది. ఆ పేరు పెడితే సిగ్గుపడవలసింది లేదు: మూడు రోజుల పని కోసం, ఖర్చు కంటే తక్కువ ధరకు తయారైన వస్తువు మొదటినుంచీ ఖర్చయిపోవడానికే పుట్టింది. కాబట్టి పైలట్‌ను అడగవలసిన ప్రశ్న ఎంత బాగా కాపాడావన్నది కాదు, నీ తరం వాటా ఎంత, తరువాతివారికి ఎంత మిగిల్చావన్నది. గాలి బాగోలేదని ప్రదర్శన రద్దు చేసుకున్న పైలట్ ఆ లెక్క చూసుకుంటున్నట్టే, అనువైన రోజున ఎగిరిన పైలటూ అదే లెక్క చూసుకుంటున్నాడు. ఒక్కసారి నిర్ణయించి హ్యాంగర్‌కు తాళం వేసినవారికి మాత్రం ఆ లెక్క మళ్లీ చూడవలసిన పని ఉండదు. ఆ వాటాను పంచే అధికారం ఈ తరానికి ఎవరిచ్చారన్న ప్రశ్నకు ఇందులో జవాబు లేదు. వారసత్వంగా వచ్చిన ప్రతి వస్తువు విషయంలోనూ ఆ ప్రశ్న అలాగే ఉంటుంది.