ఉడుతాభక్తి: ఒక గృహస్థుని ఆత్మవిచారము

సేతుబంధన ఘట్టము స్మరణకు వచ్చినప్పుడు మన మనస్సులో నలుడు, హనుమంతుడు మెదలినట్లే ఉడుత కూడ మెదలును. వాల్మీకి మహర్షి యుద్ధకాండలో సేతువు అయిదు దినములలో పూర్తియైనదని చెప్పి, మొదటి దినమున 14 యోజనములు, తరువాత వరుసగా 20, 21, 22, చివరి దినమున 23 యోజనములు సాగినదని లెక్క కూడ ఇచ్చినాడు. ఆ లెక్కలో ఉడుతకు చోటు లేదు. దానిని సముద్రతీరమునకు తెచ్చినవారు తరువాతి భక్తులు. తమిళనాట ఆళ్వారు పాశురములో అది ఉన్నది. తెలుగునాట ద్విపద కావ్యమైన రంగనాథ రామాయణములో ఉన్నది. తడిసిన ఒంటికి ఇసుక అంటించుకొని వచ్చి వారధి మీద దులిపిన ఆ చిన్న ప్రాణిని స్వామి చేతిలోనికి తీసికొని వీపు నిమిరినాడనియు, ఆ మూడు వ్రేళ్ల గుర్తులే నేటికిని దాని వీపున ఉన్నవనియు మన ఇండ్లలో పిల్లలకు చెప్పుదుము.

ఆ మూడు చారల ప్రాణి మా ఇంట నిత్యము తిరుగుచుండును. మాది గోదావరి తీరమున ఒక పట్టణములో, దేవాలయ వీధిలో, పాతకాలపు ఇల్లు. పెరటిలో ఒక జామచెట్టు, రెండు కొబ్బరిచెట్లు, నడుమ తులసికోట. తెల్లవారుజామున నేను తులసి వద్ద దీపము పెట్టి వెనుదిరుగునప్పటికి అది కొబ్బరిచెట్టు మీదినుండి తలక్రిందుగా దిగివచ్చి, ప్రహరీగోడ మీద ఆగి, తోక విదిలించినప్పుడెల్ల ఒక కేక చొప్పున అరచుచుండును. నూరు గ్రాములైనను తూగదేమో, ఇంటిల్లిపాదిని లేపునంత గొంతు. నైవేద్యానంతరము గోడ మీద నేనుంచు అన్నము కాకుల కొరకని పేరు. కాకి రాకమునుపే ఉడుత వచ్చి, మెతుకును రెండు ముందుకాళ్లతో పట్టుకొని, కూర్చుండి తినును. మా మనుమరాలు చూచి, "తాతగారూ, ఉడుత దణ్ణం పెడుతోంది" అన్నది. అది దణ్ణము కాదు, మెతుకు జారిపోకుండ పట్టుకొనుట మాత్రమే. ఆ సంగతి పిల్లకు చెప్పలేదు.

ఉత్తరదేశ యాత్రకు పోయినప్పుడు అక్కడి ఉడుతల వీపున అయిదు చారలు చూచినాను. అది వేరొక జాతి. "ఇక్కడ స్వామి అయిదు వ్రేళ్లతోను నిమిరినాడు కాబోలు" అని మా బృందములోని ఒక వృద్ధురాలు అన్నప్పుడు దక్షిణాదివారమైన మాకు కొంచెము అసూయ కలిగిన మాట నిజము.

పురాణములోని ఉడుత మీద మనకు ఇంత ప్రేమ ఉన్నది. పెరటిలోని ఉడుత మీద అంత లేదు. చిలక కొట్టిన జామపండు తీపి అని ఏరుకొని తిందుము. ఉడుత కొరికినదానిని చీదరించుకొని పారవేయుదుము. రెండును ఒకే చెట్టు మీద ఎంగిలియైన పండ్లే. ఈ పక్షపాతము నాకు చాలకాలము తట్టలేదు. తట్టించిన సంగతి ఒకటి రెండేండ్ల క్రిందట జరిగినది. దానిని పాఠక మహాశయులకు విన్నవించుకొందును.

కార్తీకమాసము. పౌర్ణమి నాడు వెలిగించుటకు మా ఇల్లాలు 365 వత్తులు చేయుచు దూది బుట్టను వసారాలోని బల్లమీద ఉంచుచుండెను. దినదినము దూది తగ్గసాగినది. ఒకనాడు చేసి ఆరబెట్టిన వత్తులే కొన్ని పోయినవి. ఎండకు వేసిన పరుపు మూల చినిగినది. గుమ్మము ముందటి పీచుపట్టా అంచులు ఊడినవి. నోటి నిండ దూది కరచుకొని ఉడుత పూజగది తలుపుపైనున్న వెంటిలేటరులో దూరుట నేను రెండు మూడు మారులు కన్నులార చూచినాను. దైవమునకని ఉంచినదానిని ఎత్తుకొనిపోవుచున్నదని కోపము వచ్చినది. ఆ కోపమునకు భక్తి అని పేరు పెట్టుకొన్నాను. పౌర్ణమికి నాలుగు దినములున్నదనగా, ఒక మధ్యాహ్నము ఈనెల చీపురును వెదురుగడకు కట్టి, ఆ వెంటిలేటరును శుభ్రము చేసినాను.

గూడు ఒక్కమారుగా ఊడి గుమ్మము ముందు పడినది. వత్తులు, పరుపులోని దూది, పీచు, ఎండుగడ్డి, మనుమరాలి రిబ్బను ముక్క. వాని నడుమ మూడు పిల్లలు. ఒంట వెంట్రుక లేదు, కన్ను తెరవలేదు. ఒకటి గడపకు తగిలి అప్పటికే కదలుట మానినది.

తల్లి గోడ మీద ఉన్నది. నాకు రెండు బారల దూరము వరకు పరుగెత్తి వచ్చుటయు, నా చేతిలోని గడను చూచి మరలుటయు, మరల వచ్చుటయు. ఎన్ని మారులు అట్లు చేసినదో నేను లెక్కపెట్టలేదు. నాకు కాలు కదలలేదు.

అలికిడికి మా ఇల్లాలు వచ్చి చూచినది. నన్ను ఒక్క మాట అనలేదు. పాత పూలబుట్ట తెచ్చి, పడిన దూదినే అందులో పరచి, బ్రతికిన రెంటిని గుడ్డతో ఎత్తి ఉంచి, బుట్టను జామచెట్టు పంగలో కుదిర్చినది. "మీరు లోపలికి రండి. మీరుంటే అది రాదు" అన్నది. కిటికీలోనుండి చూచుచుంటిమి. గంటసేపటికి తల్లి వచ్చినది. ఒకదానిని నోట కరచుకొని కొబ్బరిచెట్టు ఎక్కినది. కొంతసేపటికి వచ్చి రెండవదానిని తీసికొని పోయినది. మూడవమారు కూడ దిగివచ్చినది. బుట్టలోని దూదినంతయు కెలకి కెలకి చూచినది. మూడవదానిని అప్పటికే మేము తులసికోట వెనుక మట్టిలో పూడ్చినాము.

ఆ రాత్రి "తెలియక చేశాను" అన్నాను. మా ఇల్లాలు వత్తులు చేయుచునే, "అంత దూది ఎందుకు మోసుకుపోతోందో తెలియలేదా మీకు?" అన్నది.

ఆ ప్రశ్న నన్ను ఇప్పటికిని విడువలేదు. దూదిని ఏ జంతువును ఆహారముగా కొనిపోదు. ఆడ ఉడుత మెత్తని వస్తువులను ఏరుకొని ఒకేచోటికి చేర్చుచున్నదనిన అది ప్రసవమునకు చేయు ఏర్పాటని అరువది ఏండ్లు దాటినవానికి ఎవరును చెప్పనక్కరలేదు. నాకు తెలియును. తెలిసినదానిని తలపునకు రానీయక, దొంగతనము, అశుద్ధము, దేవుని సొత్తు అను మాటలు ముందుకు తెచ్చుకొన్నాను. గడకు చీపురు కట్టుచున్నప్పుడు ఒక్క క్షణము చేయి ఆగినది కూడ. పీట వేసికొని ఎక్కి లోపలికి చూచినచో తెలిసెడిది. చూచినచో ఊడ్చలేను కనుక చూడలేదు. దీనిని అజ్ఞానమందునా?

మన పెద్దలు గృహస్థునికి హింస తప్పదని ఎరిగినవారే. పొయ్యి, తిరగలి, చీపురు, రోలు, నీళ్లకుండ అను ఈ అయిదును గృహస్థుని ఇంట ప్రాణులు చచ్చు స్థానములని, వీనిని పంచసూనలని ధర్మశాస్త్రము చెప్పినది. దాని పరిహారమునకే పంచమహాయజ్ఞములను విధించినది. గోడమీద ఉంచు అన్నపుముద్ద అందులోని భూతయజ్ఞమే. ఆ అయిదింటిలో చీపురు ఉన్నదని గుర్తు వచ్చినప్పుడు నాకు మొదట ఊరట కలిగినది. నిత్యము ముద్ద పెట్టుచునే ఉన్నాను గదా అనుకొన్నాను. పిదప సిగ్గు కలిగినది. ఇల్లు ఊడ్చుచుండగా కంటికానని చీమ చచ్చుటకు ఆ పరిహారము చెప్పినారు. కంటికి కనబడునేమో అని కన్ను త్రిప్పుకొన్నవానికి చెప్పలేదు. ఉదయము ముద్ద పెట్టిన ఖాతాలో మధ్యాహ్నపు చీపురును జమకట్టుట ధర్మము పేర వ్యాపారమే యగును.

ఇందుకు ఎదురుమాట లేకపోలేదు. ఇల్లన్న తరువాత శుభ్రముగా ఉంచుకొనవలెను. ఉడుత పండ్లు ఎల్లప్పుడు పెరుగుచుండును గనుక అది ఏదో ఒకటి కొరకుచునే ఉండును. విద్యుత్తు తీగ కొరికినచో ఇంటికే ప్రమాదము. వచ్చిన ప్రాణికెల్ల ఇల్లు అప్పగించుమని ఏ ఆచార్యుడును చెప్పలేదు. ఇదంతయు నిజమే, నేను కాదనను. కాని నా విషయములో అడుగవలసినది దూదిని కాపాడుకొనవచ్చునా అని కాదు, ఆగవచ్చునా అని. పుట్టిన పిల్లలు పాలు విడుచుటకు పది వారములు పట్టును. అంతవరకు ఆగినచో నాకు పోయెడిది మరికొంత దూది. బుట్టకు మూతపెట్టినచో అదియును పోదు. ఆ తరువాత ఖాళీ గూడు తీసివేసి వెంటిలేటరుకు జాలీ కొట్టించినచో ఎవరికిని నష్టము లేదు. ఇంత చిన్న ఉపాయము తోచకపోవుటకు కారణము బుద్ధి లేకపోవుట కాదు, నాకు ఆగవలెనని లేదు.

శ్రీమద్భాగవతము సప్తమ స్కంధములో నారదమహర్షి ధర్మరాజునకు గృహస్థధర్మములు చెప్పుచు, లేడి, ఒంటె, గాడిద, కోతి, ఎలుక, పాము, పక్షి, ఈగ వీనిని తన బిడ్డలవలె చూడవలెననియు, బిడ్డలకును వీనికిని ఉన్న భేదమెంత అనియు అడిగినాడు. ఆ పట్టికలో ఆవు లేదు, నెమలి లేదు. ఇంటివానిని విసిగించునవియే ఎక్కువ. ఇది యతులకు చెప్పిన మాటయైనచో దానిని దూరమునుండి నమస్కరించి ఊరకుందుము. గృహస్థునికి, ధాన్యపు గాదె కలవానికి చెప్పినాడు. నేను ఈ ఘట్టమును పలుమార్లు పారాయణము చేసినవాడనే. ఏదో పెద్ద మాట అని దాటిపోయెడివాడను.

శ్రీవైష్ణవ సంప్రదాయములో పరాశర భట్టరును గూర్చి ఒక ఐతిహ్యము కలదు. ఒక వేటగాడు కుందేలు పిల్లను పట్టుకొని పోవుచుండగా తల్లి వెంటబడి వచ్చి అతని కాళ్ల ముందు పడినది; అతడు పిల్లను విడిచినాడు. ఈ సంగతి విని భట్టరు మూర్ఛిల్లినారట. శరణాగతిని గూర్చి ఆ కుందేలు ఏ గురువు వద్దను వినలేదు, శరణన్నదానిని విడువవలెనని ఆ బోయ ఏ శాస్త్రమునను చదువలేదు, అయినను ఇంత జరిగినదే, ఇక సర్వేశ్వరుడు శరణన్నవానిని విడుచునా అని వారి భావము. ఈ కథను నేను దేవాలయములో ఎన్నిమార్లు చెప్పినానో. చెప్పినప్పుడెల్ల నన్ను కుందేలు పక్కన నిలుపుకొనెడివాడను. బోయ పక్కన నిలబడు అవసరము వచ్చిన దినమున అతనికి సరితూగలేకపోయినాను.

ఆ కార్తీకము వెళ్లి ధనుర్మాసము వచ్చినది. మార్గళి జ్యేష్ఠా నక్షత్రము తొండరడిప్పొడి ఆళ్వారు తిరునక్షత్రము. విప్రనారాయణుడని మనవారెరిగిన మహనీయుడు. శ్రీరంగములో పూదోట పెంచి స్వామికి మాలలు సమర్పించినవారు. భక్తుల పాదధూళి అని తమ పేరు మార్చుకొన్నవారు. ఆనాడు తిరుప్పావై సేవాకాలము తరువాత వారి తిరుమాలై ప్రబంధమును గూర్చి నాలుగు మాటలు చెప్పుట మా దేవాలయములో నా వంతు. ఆ ప్రబంధములో ఉడుతలను తలచిన పాశురము ఒకటి ఉన్నది. వానరులు కొండలు త్రోయుచుండగా, నీట మునిగి, ఇసుకలో పొరలి, పరుగెత్తి సముద్రమును పూడ్చబూనిన కపటము లేని ఆ ఉడుతలవంటివాడను కూడ కాకపోతినే, నా హృదయము మ్రానువలె గట్టిది, నేను వంచకుడను అని ఆళ్వారు వగచినారు.

ఏటేట ఈ పాశురమునకు నేను అర్థము చెప్పుచు, చిన్నవారి సేవను కూడ స్వామి స్వీకరించునని తేల్చెడివాడను. ఆ యేడు పుస్తకము తెరచి ఆ చోటికి వచ్చునప్పటికి నోరు పెగలలేదు. ఆళ్వారు ఉడుతను చిన్నదని అనలేదు. కపటము లేనిదని అన్నారు. అది తన వల్ల ఎంతయగునో అంతయు చేసినది. ఇసుక రేణువు సముద్రమునకు చాలునా చాలదా అని చూచుకొనలేదు. దానిముందు నిలబడి ఆళ్వారంతటివారు తమను వంచకులని చెప్పుకొన్నారు. మనము మాత్రము ఆ ఉడుత పేరును తేలికగా వాడుకొందుము. ఉత్సవమునకు చందా అడిగినప్పుడు, నూరు ఇవ్వగలిగి పది ఇచ్చుచు, "ఏదో ఉడుతాభక్తి" అందుము. నేను కూడ అన్నవాడనే. ఇయ్యగలిగినదంతయు ఇచ్చిన ప్రాణి పేరు చెప్పి దాచుకొన్నదానిని కప్పిపుచ్చుకొనుట. "తెలియక చేశాను" అన్నమాటయు ఆ జాతిదే. రెంటిలోను నోరు వినయముగా ఉండును, మనస్సు లెక్క చూచుకొనుచుండును.

ఆ దినమున సభలో పాశురపు అర్థము మాత్రము చెప్పి కూర్చున్నాను. ఆరోగ్యము బాగులేదా అని అర్చకస్వామి అడిగినారు. లేదన్నాను. ఉన్నమాట చెప్పుటకు ఇన్నాళ్లు పట్టినది.

దేవుని ఎదుట దీనికి క్షమాపణ వేడుకొన్నాను. కాని అపచారము జరిగినది దేవునికా, గోడ మీది తల్లికా అను ప్రశ్నకు నా వద్ద సమాధానము లేదు. భాగవతాపచారమును ఆ భాగవతుడు క్షమించిననేగాని భగవంతుడు క్షమించడని మన పూర్వులు చెప్పుదురు. భాష లేని ప్రాణి క్షమించినదో లేదో తెలిసికొను దారి ఏది? మరునాడు కూడ అది గోడమీదికి వచ్చి అన్నము తిన్నది. దానిని క్షమ అని నాకు నేను చెప్పుకొనబోయి మానుకొన్నాను. ఆకలి వేసి వచ్చినది.

ఆ చలికాలము గడచిన పిదప, పీట వేసికొని ఎక్కి, లోపల ఏమియు లేదని చేతితో తడిమి చూచి, వెంటిలేటరుకు జాలీ కొట్టించినాను. జామచెట్టుకు ఒక మట్టిముంతను వాలుగా కట్టినాను. నిరుటి కార్తీకములో మా ఇల్లాలు వత్తులు చేయునప్పుడు దూదిలో ఒక గుప్పెడు తీసి గోడ మీద వేరుగా ఉంచినది. ఉడుత ఆ గుప్పెడును తీసికొని పోయినది, బుట్టలోనిదియును కొంత తీసికొని పోయినది. ముంతలో మాత్రము ఇంతవరకు కాపురము పెట్టలేదు.