ఏడు తరాలు: వంశస్మృతి, వంశగర్వము

‘అటు ఏడు తరాలు, ఇటు ఏడు తరాలు చూచి మరీ చేసికొనవలెను’ అనునది తెలుగువారి యిండ్లలో పెండ్లి ప్రస్తావన వచ్చినపుడు వినవచ్చెడి మాట. వంశము ఎట్టిది, ఎక్కడనైన మచ్చ కలదా యని పెద్దలు ఆరా తీయుట దీని తాత్పర్యము. ఈ మాటయే ఒక అమెరికను గ్రంథమునకు తెలుగు పేరైనది. అలెక్స్ హేలీ 1976లో ప్రకటించిన ‘రూట్స్’ను సహవాసి తెనిగింపగా, హైదరాబాద్ బుక్ ట్రస్టు 1980ల తొలి యేండ్లలో ‘ఏడు తరాలు’ అను పేర ప్రచురించినది. మూలమున ఆ పేరునకు ‘వేళ్ళు’ అని అర్థము. అనువాదకుడు దానిని విడిచి, వరుని వంశమును తూచుటకు మనము వాడెడి త్రాసునే తీసి బానిసల చేతికిచ్చినాడు. విజయవాడ పుస్తకాల అంగళ్ళలో ఈ గ్రంథమును కొని చదివినవారెందరో కలరు. అయినను పేరులోని ఈ సూక్ష్మమును గమనించినవారు కొందరే యుందురు.

ఈ సూక్ష్మము మనలను ఒక ధర్మసందేహము చెంతకు చేర్చుచున్నది. పుట్టుకను బట్టి మనుష్యునికి విలువ కట్టరాదని నమ్మినవాడు తన వంశమును స్మరింపవచ్చునా? స్మరించినచో అది కులగర్వమునకు మారుపేరు కాదా? స్మరింపక విడిచినచో తన్ను పెంచిన తాతముత్తాతల యెడ కృతఘ్నత కాదా? అమెరికను సాహిత్యము నూటయేబది యేండ్లకు పైగా ఈ ప్రశ్న చుట్టు తిరుగుచున్నది. వంశములను సముద్రమునకు ఆవల వదలి వచ్చినవారును, వంశములు బలిమిని త్రెంపబడినవారును ఒకే నేలపై కూడిన దేశమది. కావున ఈ ప్రశ్నకు అచ్చట పదును ఎక్కువ.

ముందుగా హేలీ కథను చూతము. అతడు టెన్నెసీ రాష్ట్రమున హెన్నింగ్ అను చిన్న ఊర అమ్మమ్మ యింట బాల్యము గడపినాడు. సాయంకాలములందు అమ్మమ్మయు, బంధువులైన వృద్ధస్త్రీలును వసారాలో కూర్చుండి, ‘ఆఫ్రికావాడు’ అను పూర్వుని కథ చెప్పుకొనుచుండిరి. ఆ కథలో తంత్రీవాద్యమునకు ఒక పేరు, నదికి ఒక పేరు, ఇట్లు కొన్ని పరభాషాపదములు చెడక నిలిచియుండెను. ఆ పదములు పట్టుకొని వెదకుచు హేలీ 1967లో ఆఫ్రికాలోని గాంబియా దేశమున జుఫూరే గ్రామము చేరినాడు. మద్దెల చేసికొనుటకు కొయ్య కొరకై అడవికేగి, 1767లో పట్టుబడి, గొలుసులతో ఓడలో మేరీలాండ్ తీరమునకు కొనిపోబడిన కుంటా కింటే తన మూలపురుషుడని గ్రంథమున వ్రాసినాడు. కుంటా, అతని కూతురు కిజ్జీ, ఆమె కొడుకు జార్జి, అతని కొడుకు టామ్, టామ్ కూతురు సింథియా, ఆమె కూతురు బెర్తా, ఆమె కొడుకు అలెక్స్. ఇవి ఏడు తరములు.

ఈ వరుసను మరల ఒకమారు చదువుడు. ఇందు మూడు తరములు స్త్రీల మీదుగా నడచినవి. మన లెక్క తండ్రి నుండి కొడుకునకు మాత్రమే సాగును. ఆడుబిడ్డ పేరు పెండ్లితో ఆ పట్టిక నుండి జారిపోవును. అంతకంటె గమనింపదగినది మరియొకటి కలదు. జార్జి తండ్రి కిజ్జీని కొన్న యజమానుడే. ఆమె సమ్మతి లేకయే పుట్టిన బిడ్డ యతడు. మన ‘ఏడు తరాలు’ మచ్చ లేదని చూపుటకు చెప్పెడి లెక్క. వారి ‘ఏడు తరాలు’ ఆ గాయమును దాపక చెప్పెడి లెక్క. ఒకే మాట, రెండు ధర్మములు.

బానిసత్వము దేహమును బంధించుటతో ఆగలేదు, పేరును కూడ హరించినది. కుంటాకు యజమానులు టోబీ అని పేరు పెట్టిరి. ఇది కల్పన యనుకొన్నను, ఫ్రెడెరిక్ డగ్లస్ జీవితము కల్పన కాదు. 1845లో ప్రకటించిన ఆత్మకథలో, తన పుట్టినదినము తనకు తెలియదని, తల్లిని రాత్రివేళల కొలదిసారులు మాత్రమే చూచితినని అతడు చెప్పినాడు. 1838లో పారిపోయి స్వేచ్ఛ పొందిన పిదప, తల్లివైపు వచ్చిన బెయిలీ అను పేరును దాచుకొనవలసి వచ్చెను. ఆశ్రయమిచ్చిన స్నేహితుడు ఒక కావ్యములోని పాత్ర నుండి ఎన్నిన పేరే ‘డగ్లస్’. 1993లో నోబెల్ బహుమతి నందిన టోనీ మారిసన్ తన ‘సాంగ్ ఆఫ్ సాలమన్’ (1977) నవలలో ఇంకొక విచిత్రము చూపినది. విముక్తుడైన బానిసకు కాగితము వ్రాసి యిచ్చెడి తాగుబోతు ఉద్యోగి, ఊరిపేరును ‘తండ్రి మృతుడు’ అను మాటను తప్పు గడులలో వ్రాయగా, ‘మేకన్ డెడ్’ అనునదే అతని పేరై మూడు తరములు నిలిచినది. చనిపోయినవాడను అర్థమే ఇంటిపేరైనది.

ఇది దూరదేశపు వింత యని త్రోసివేయరాదు. కృష్ణా డెల్టా పల్లెలలో పాలేరును ఎట్లు పిలిచెడివారో పెద్దలు ఎరుగుదురు. అరువదియేండ్ల వృద్ధుని ఆసామి యింటి పదేండ్ల బాలుడు ‘ఒరేయ్’ అని పిలుచును. తల్లిదండ్రులు పెట్టిన పేరు చివర ‘గాడు’ చేరును. అతని యింటిపేరేమని అడుగువారు లేరు. 1855లో బెజవాడ యొద్ద ఆనకట్ట పూర్తియై కాలువలు పారిన పిదప ఈ నేల ధాన్యాగారమైనది. ఆ భూములకు పట్టాలు కలవు, పట్టాలలో పేర్లు కలవు, ఆ పేర్లకు వంశములు కలవు. మోకాలిలోతు బురదలో నిలిచి నాట్లు వేసినవారి పేర్లు మాత్రము ఆ కాగితములకెక్కలేదు. పేరులేనివాడు మనుష్యుడు కాడను భావము ముదిరిన చోట ఘోరమునకు వెరపు ఉండదు. విజయవాడ నుండి హైదరాబాదు పోవు మార్గముననున్న కంచికచర్లలో 1968లో కోటేశు అను దళిత యువకుని దొంగతనపు నెపముతో సజీవముగా దహించిరి. ఈ పేరునైన మనము మరువకుండుట కనీసధర్మము.

ఇచ్చట ఒక ఆక్షేపణ రాగలదు. హేలీ చెప్పిన వంశకథ అంతయు నిజమా? న్యాయముగ అడుగవలసిన ప్రశ్నయే. హెరాల్డ్ కూర్లాండర్ అను రచయిత తన ‘ది ఆఫ్రికన్’ (1967) నవల నుండి భాగములు గ్రహింపబడినవని వ్యాజ్యము వేయగా, 1978లో హేలీ కొన్ని భాగములు దాని నుండి వచ్చినవని అంగీకరించి, ధనమిచ్చి రాజీపడినాడు. ఆ పిదప వంశచరిత్ర పరిశోధకులు పాత దస్తావేజులను శోధించి, అతని కథలోని పూర్వతరములకు ఆధారములు సరిపోలుట లేదని చూపిరి. జుఫూరేలో కథ చెప్పిన వృద్ధుని మాటను కూడ శంకించిరి. సత్యమును ఆశ్రయించిన వానికి ఈ లోపములను కప్పిపుచ్చుట తగదు. పరుల వాక్యములను తనవిగా చెప్పుకొనుట తప్పే.

కాని దీనివలన అసలు ప్రశ్న కొట్టివేయబడదు. కులీనుల వంశావళులు ఎన్ని పరిశోధనకు నిలుచును? సూర్యచంద్రుల వరకు ప్రాకించిన రాజవంశములు మన శాసనములలో లేవా? తెలుగునాట పిచ్చుకగుంట్లవారు రైతుకులముల గోత్రములను, వంశకథలను ఇంటింట చెప్పి ధాన్యము పొందెడివారు. మాదిగల వంశకథను డక్కలివారు జాంబపురాణముగా వినిపించుచు వచ్చిరి. మొదటిదానిని చరిత్రయని చావడిలో విన్నవారు రెండవదానిని కట్టుకథయని పెడచెవిని పెట్టిరి. ప్రమాణము ఒక్కటే కావలెను. కాగితములు వ్రాయు అధికారము ఎవరి చేతనుండెనో వారి కథకే కాగితముల సాక్ష్యము దొరకును; ఆ అధికారము లేనివారిని కాగితము చూపుమనుట న్యాయమనిపించుకొనదు. 1977 జనవరిలో ‘రూట్స్’ దూరదర్శన నాటకముగా ఎనిమిది రాత్రులు ప్రసారము కాగా కోట్లాది జనులు చూచిరి. ఒక కుటుంబపు దస్తావేజుల కొరకు వారు చూడలేదు; తమ దేశము చెప్పక దాచిన కథ కొరకు చూచిరి.

ఇక రెండవ వైపునకు వత్తము. వంశము కోల్పోయినవాని దుఃఖము ఒకటి కాగా, వంశమును నెత్తికెత్తుకొన్నవాని పతనము మరియొకటి. మార్క్ ట్వేన్ ‘పుడ్డన్‌హెడ్ విల్సన్’ (1894) అను నవలలో రాక్సీ అను బానిసస్త్రీ, చూపునకు తెల్లగానున్న తన బిడ్డను యజమానుని బిడ్డతో ఊయలలో మార్చును. రక్తములో ముప్పదిరెండవ వంతు మాత్రమే నలుపు గలవాడు దొరబిడ్డగా పెరిగి క్రూరుడగును. అసలు దొరబిడ్డ బానిసగా పెరిగి, నిజము బయటపడి ఆస్తి చేతికి వచ్చిన పిదప కూడ, దొరల కూటమిలో కూర్చుండలేక, బానిసల నడుమకు పోలేక మిగిలిపోవును. జన్మ ఎక్కడ? పెంపకమెక్కడ? ఊయల మారినంతనే దొరయు బానిసయు మారిపోయినచో, జన్మచే కలిగెడి ఆధిక్యమనగా ఊయల ఆధిక్యమే కదా!

విలియం ఫాక్‌నర్ ‘ఆబ్సలమ్, ఆబ్సలమ్!’ (1936)లో ఇంకను లోతునకు పోయినాడు. థామస్ సట్‌పెన్ అను పేదబాలుడు ఒక భూస్వామి భవనమునకు వర్తమానము తీసికొనిపోగా, వీధివాకిట నిలువనీయక, పెరటిదారిన రమ్మని త్రోసివేసిరి. పెరటిదారి అవమానము మన పల్లెలకు క్రొత్త కాదు. ఆ అవమానము నుండి రెండు త్రోవలు కలవు. ఏ వాకిటనుండియు ఎవరిని త్రోసివేయరాదని నిశ్చయించుకొనుట ఒకటి. తానును భవనము కట్టి, వాకిలి నిలిపి, ఇతరులను త్రోసివేయుట మరియొకటి. సట్‌పెన్ రెండవదానిని పట్టినాడు. నల్లరక్తమున్నదని తెలిసి మొదటి భార్యను, కన్నకొడుకును విడిచినాడు. ఆ కొడుకు కోరినది ఆస్తి కాదు, ‘నీవు నా బిడ్డవు’ అను ఒక్క గుర్తింపు. అది దక్కలేదు. చివరకు భవనము కాలిపోయినది. వంశము నిలుపవలెనన్న తపనయే వంశమును మ్రింగినది.

ఈ రెండు వైపుల నడుమ మూడవ మార్గమును నతానియల్ హాథార్న్ చూపినాడు. 1692లో సేలం పట్టణమున నిర్దోషులను మంత్రగత్తెలని విచారించిన న్యాయాధిపతులలో జాన్ హాథార్న్ ఇతని పూర్వుడు. ‘ది స్కార్లెట్ లెటర్’ (1850) పీఠికలో రచయిత ఆ పూర్వులను పేర్కొని, వారి దోషము వలని సిగ్గును తన తలపై ధరించినాడు. మరుసటి యేట వెలువడిన ‘ది హౌస్ ఆఫ్ ది సెవెన్ గేబుల్స్’లో, తాత అన్యాయముగా లాగికొన్న నేలపై కట్టిన యిల్లు మనుమల గుండెలపై ఎట్లు బరువగునో వర్ణించినాడు. తాతల ఆస్తి తనదని చెప్పుకొనువాడు తాతల అప్పును కూడ తనదని చెప్పుకొనవలదా? ఇది వంశస్మృతికి నిజమైన పరీక్ష.

కావున మన సందేహమునకు సమాధానము ఇట్లు తేలుచున్నది. పూర్వుల స్మరణ దోషము కాదు. దానిని దేనికి వినియోగింతుమను దానిలో ధర్మాధర్మములు కలవు. ‘మావారు ఇంత కష్టమునకు ఓర్చిరి, ఇంత సత్యమును నిలిపిరి, ఇంత తప్పును చేసిరి; నేను తీర్పవలసినది ఇంత కలదు’ అని తలచువానికి వంశము ఋణము. ‘మావారు ఇట్టివారు, కావున నీవు నాకంటె తక్కువ’ అని తలచువానికి వంశము విషము. హేలీ అమ్మమ్మ కథ ఎవరిని తక్కువ చేయలేదు. సట్‌పెన్ భవనము తన బిడ్డకే తలుపు మూసినది.

మన సంప్రదాయమున దీనికి సాటిలేని నిదర్శనము కలదు. బ్రాహ్మణకులమున జన్మించిన బసవేశ్వరుడు ఆ వంశమును చెప్పుకొనక, మాదార చెన్నయ్యను, డోహర కక్కయ్యను తన పెద్దలుగా పేర్కొన్నాడు. వంశమును నిరాకరించుటతో ఊరకుండలేదు; శ్రమజీవులైన భక్తులను పూర్వులుగా ఎన్నుకొన్నాడు. కళ్యాణమున హరళయ్య యింటికి మధువయ్య యింటికి వియ్యము కుదిరినందుకు రాజదండనము కలిగినదని సంప్రదాయము చెప్పుచున్నది. పాల్కురికి సోమనాథుడు ‘బసవపురాణము’ను తెలుగు ద్విపదలో వ్రాసి, చాకలి, కుమ్మరి, మాదిగ భక్తుల పేర్లను ఏడెనిమిది వందల యేండ్లు నిలిచియుండునట్లు చేసినాడు. పట్టాలకెక్కని పేర్లు కావ్యమున కెక్కినవి. అట్టి పెద్దల వారసులమని చెప్పుకొనుచు, జంగమ, ఆరాధ్య, బలిజ భేదములను, గోత్రములను తూచి సంబంధములు త్రోసిపుచ్చుట ఎట్టి న్యాయమో ప్రతి కుటుంబమును తనను తాను ప్రశ్నించుకొనవలెను.

ఈ ప్రశ్న నేడు మరియొక దారిన మన ముంగిటికి వచ్చినది. 1965లో అమెరికా వలసచట్టము మారిన పిదప డెల్టా బిడ్డలు వైద్యులై, ఇంజనీర్లై ఆ దేశము చేరుచున్నారు. మనకు ముందుండు యింటిపేరు అచ్చటి కాగితములలో చివరకు పోవును. పలుకలేని పేర్లు కురచయగును. వారి బిడ్డలు ఒకనాడు ‘మనము ఎవరము?’ అని తాతను అడుగుదురు. అపుడు తాత ఏమి చెప్పవలెను? ఎకరముల లెక్క, కులపు పేరు చెప్పినచో సట్‌పెన్ కథయే మరల మొదలగును. ఆ ఎకరములు దున్నిన పాలేరు పేరు, పొలమున పాడిన స్త్రీల పేర్లు, మనవారు చేసిన మేలు, మనవారు చేసిన అపచారము కూడ చెప్పినచో ఆ బిడ్డ చేతికి నిజమైన వేరు అందును.

కనుక ప్రతి గృహస్థుడు తన యింటి కథను వ్రాసి యుంచుట మేలు. అందు తండ్రుల సరసన తల్లుల పేర్లుండవలెను. ఇంట పనిచేసి మడిసినవారి పేర్లు, గుర్తున్నంత వరకు, ‘గాడు’ లేకుండ, వారి యింటిపేర్లతో ఉండవలెను. గుర్తులేకున్నచో, వారి మనుమలు ఆ ఊరనే యుందురు. వారి యింటికి పోయి అడుగవలెను. మనము వీధివాకిటనే పోవలెను. వారు మన యింటికి వచ్చినపుడును వీధివాకిటనే రావలెను.