దంపతుల కాయకము – లక్కమ్మ కొలత

కాయకమును కైలాసముతో సమానము చేసి చెప్పిన మాట మన సమాజమున ఎరుగనివారుండరు. దుకాణములలో త్రాసు వెనుక గోడమీదను, ఇండ్లలో క్యాలెండరు ప్రక్కనను అది కానవచ్చుచుండును. పలువురు దానిని బసవేశ్వరుని వాక్యమని తలంతురు గాని, అది ఆయ్దక్కి మారయ్య వచనములోనిది. కాయకమున నిమగ్నుడైనవాడు గురు లింగ జంగమములను సైతము మరచినను దోషము లేదను తీవ్రమైన భావము ఆ వచనమునందున్నది. అంతటి మాట చేతికందినప్పుడు, రాత్రి పదిగంటలు దాటినను తలుపు మూయని దుకాణదారునకు ఇంకేమి కావలెను? భార్య భోజనమునకు పిలిచినను, పిల్లవాడు లెక్కల పుస్తకముతో వచ్చి నిలిచినను అదియే సమాధానము.

అయితే మారయ్య ఒంటరిగా కాయకము చేసినవాడు కాడు. ఆ కాయకమున సగము ఆయన ధర్మపత్ని లక్కమ్మది. ఆమె మాట మాత్రము ఏ గోడమీదను కానరాదు.

ఈ దంపతులు నేటి రాయచూరు జిల్లాలోని అమరేశ్వర క్షేత్రమునుండి 12వ శతాబ్దమున బసవన్న ఉన్న కల్యాణమునకు చేరినవారు. ఆయ్దక్కి యనగా కన్నడమున ఏరిన బియ్యము. నేల రాలిన బియ్యపుగింజలను మారయ్య ఏరి తెచ్చును. లక్కమ్మ వండి జంగములకు వడ్డించును. అదియే వారి వ్యాపారము, అదియే వారి సంసారము. వరంగల్లు ఏనుమాముల మార్కెట్టులో బస్తాలు ఎత్తిన చోట గింజలు రాలియుండుట చూచినవారికి ఆ కాయకము ఎంత చిన్నదో, ఎంత నడుము వంచవలసినదో వేరుగ చెప్పనక్కరలేదు.

15వ శతాబ్దమున సంకలితమైన శూన్యసంపాదనలో వీరి కథ విపులముగా ఉన్నది. ఒకనాడు మారయ్య అనుభవ గోష్ఠిలో కూర్చుండి పనివేళ మరచెను. లక్కమ్మయే ఆయనను హెచ్చరించి కాయకమునకు పంపెను. ఆయన ఆ దినమున ప్రతిదినము తెచ్చు దానికంటె మిక్కిలిగా బియ్యము తెచ్చెను. బసవన్నయే వారిని పరీక్షింపదలచి గింజలు ఎక్కువగా చల్లించెనని పరంపర చెప్పును. లక్కమ్మ ఆ మూటను చూచి సంతోషింపలేదు. ఇంత ఆశ రాజులకు తగును గాని శివభక్తులకు తగదని, అధికమైన దానిని తెచ్చిన చోటనే విడిచి రమ్మని చెప్పెను. మారయ్య మారు పలుకక మరలిపోయెను.

ఈ కథను సాధారణముగా నిరాశకు, అనగా ఆశలేమికి, దృష్టాంతముగా చెప్పుదురు. అది సత్యమే గాని అంతటితో ముగియదు. పనికి పొమ్మని తరిమినదియు లక్కమ్మయే, చాలునని ఆపినదియు లక్కమ్మయే. ఆమె పనికి విరోధి కాదు. పనికి కొలత ఎరిగినది. బజారున తిరుగువానికి ఎంత దొరకునో తెలియును. ఎంత కావలెనో పొయ్యి దగ్గర నిలుచున్నవారికి తెలియును. మారయ్య గొప్పతనము గింజలు ఏరుటలో ఎంత ఉన్నదో, ఈ రెండవ జ్ఞానము తనకంటె భార్యకు ఎక్కువయని అంగీకరించుటలో అంతకంటె ఎక్కువ ఉన్నది.

ఇక్కడ ఒక విషయము మరువరాదు. ఆ బియ్యము మారయ్య తన కొరకు తెచ్చినది కాదు, దాసోహమునకు. “జంగములకే గదా” యని ఆయన వాదింపవచ్చును. అంతకంటె బలమైన సాకు వీరశైవునకు లేదు. నేటి దుకాణములలో ఆ సాకు రూపు మార్చుకొన్నది. “పిల్లల కొరకే గదా” యని వినబడుచున్నది. పిల్లల కొరకే రాత్రివరకు దుకాణము, పిల్లల కొరకే ఆదివారమును లేదు, పిల్లల కొరకే రెండవ దుకాణము. ఆ పిల్లలు మాత్రము తల్లిదండ్రులు ఇద్దరును ఒక్కచోట తీరికగా కూర్చుండుట చూడక పెద్దవారగుదురు. ఉదాత్తమైన కారణము ఉన్నంతమాత్రమున అధికము అధికము కాకపోదని లక్కమ్మ తీర్పు.

వరంగల్లులో ఒకప్పుడు పనివేళలకు హద్దు చెప్పు కూత ఉండెడిది. 1934లో నెలకొల్పబడిన ఆజంజాహి మిల్లులో పనిచేసినవాడు పాళీ ముగియగానే ఇంటికి వచ్చెడివాడు. మిల్లు ఇంటిలోనికి వచ్చెడిది కాదు. ఆ మిల్లు మూతపడినది. ఇంటిలోనే మగ్గమున్నవానికి, ముందుగదిలోనే కిరాణా దుకాణమున్నవానికి ఆ కూత ఎప్పుడును లేదు. కొత్తవాడ జంపఖానాలకు 2018లో భౌగోళిక గుర్తింపు లభించినది. వాని చారల అందమును మెచ్చుకొనువారు మగ్గము ప్రక్కన కండెలు చుట్టిన చేతులను తలచుట అరుదు. చిల్లర దుకాణమునందును ఇంతే. భర్త బీట్ బజారుకు సరుకు కొరకు పోయినప్పుడు తూచునది ఆమె, ఉద్దెర ఖాతా జ్ఞాపకముంచుకొనునది ఆమె, పొయ్యిమీద పాలు పొంగకుండ మధ్యమధ్య లోనికి పరుగెత్తునదియు ఆమెయే. అడిగినవారికి మాత్రము “దుకాణము ఆయనది, నేను కాస్త సాయముగా కూర్చుందును” అని చెప్పును. ఆయనయు అట్లే చెప్పును. ఇది మరింత విచారింపదగినది.

శరణులు కాయకములలో ఎక్కువ తక్కువలు లేవనిరి. బట్టలుతికిన మడివాలు మాచయ్యకును, కుండలు చేసిన కుమ్మర గుండయ్యకును పాల్కురికి సోమనాథుడు తన బసవపురాణమున ఇచ్చిన గౌరవము ఈ ప్రాంతమువారికి క్రొత్త గాదు; ఆ కవి జన్మస్థానమని చెప్పబడు పాలకుర్తి 2016లో జిల్లాలు మారువరకు వరంగల్లు జిల్లాలోనిదే. అయినను బయటి పని కాయకమనియు, ఇంటి పని ఆడుదాని సహజధర్మమనియు వేరుచేసి చూచు అలవాటు మిగిలియే యున్నది. దుకాణమున ఇద్దరును పదిగంటలు నిలిచిన పిదప ఒకరు పీటమీదను, ఇంకొకరు పొయ్యిముందును కూర్చుండుట సమత్వము కాదు. నేతగాడైన దాసిమయ్య పేరు చెప్పినప్పుడెల్ల దుగ్గళ పేరును చెప్పుట మన పెద్దల సంప్రదాయము. ఆ మర్యాద నోటితోనే నిలిచిపోరాదు.

దీనికి ఒక ప్రత్యుత్తరమున్నది, అది తోసివేయదగినది కాదు. లక్కమ్మకు దుకాణపు అద్దె లేదు, బ్యాంకు వాయిదా లేదు, కళాశాల రుసుము లేదు. నేటి చిరువ్యాపారిని రాత్రివరకు కూర్చుండబెట్టునది ఆశ కాదు, భయము. ప్రక్కన పెద్ద అంగడి వెలిసినది. ఫోనులో అడిగిన సరుకు గడపకు చేరుచున్నది. ఒక గంట ముందు మూసినచో పోయిన గిరాకి తిరిగి రాదేమోయని అతని గుండె కొట్టుకొనుచుండును. అట్టివానిని ఆశపోతని నిందించుట అన్యాయము. కాని భయమును ఒక్కడే మోయునప్పుడు దానికి హద్దు తెలియదు. అద్దె ఎంత, వాయిదా ఎంత, నెలకు ఇంటికి నిజముగా కావలసినది ఎంత యను లెక్క ఇద్దరిముందు పరచినప్పుడు, కొన్ని ఇండ్లలో ఇంకను కొంతకాలము రాత్రులు కూర్చుండక తప్పదని తేలును. తేలనిమ్ము. అది ఇద్దరును ఎరిగి చేసిన నిర్ణయమగును. మరికొన్ని ఇండ్లలో చివరి రెండు గంటలు అలవాటేగాని అవసరము కాదని తేలును.

లక్కమ్మ వచనములకు ముద్రిక మారయ్యప్రియ అమరేశ్వరలింగము. భర్త పేరును తన దైవముతో కలిపి ప్రతి వచనమునను నిలుపుకొన్న ఇల్లాలే ఆ భర్తను తప్పుదిద్దినది. ప్రేమయు అధికారమును ఆమెకు వేరు కాలేదు. మన ఇండ్లలో ప్రేమ ఉన్నది. అధికారమునకే చోటు లేదు. చోటు కల్పించుట కష్టమైన పని కాదు. 1932 నాటి భాగస్వామ్య చట్టము క్రింద భార్యాభర్తలు భాగస్వాములుగా పత్రము వ్రాసికొనవచ్చును. అంతవరకు పోనివారును ఆమె పేరు ఖాతాలో చేర్చవచ్చును, రాత్రి గల్లాపెట్టె లెక్క ఆమె ఎదుట చూడవచ్చును. ఉదయము ఇష్టలింగపూజకు ఇద్దరును కూర్చుండు ఇండ్లలో, పూజ ముగిసి తలుపు తీయుటకు ముందుండు కొద్ది నిమిషములలోనే ఆ దినము ఎప్పుడు మూయవలెనో మాటలాడుకొనవచ్చును.

క్రొత్త దుకాణము తెరచువారు మఠమునకు వచ్చి స్వామివారి ఆశీర్వాదము కోరుట ఆచారము. సరుకు ఏమి, చోటు ఎక్కడ యని స్వామివారు భర్తను అడుగుదురు. ఎన్నిగంటలకు మూయుదురమ్మా యని ప్రక్కనున్న ఆమెను కూడ అడిగినచో, ఆ జవాబును భర్తయు అక్కడనే వినును.