వినకమునుపే తీర్పు తీర్చవచ్చునా?

మన యిండ్లలో నేడు ఒక క్రొత్త గోడ లేచుచున్నది. కుమారుడు చెవులలో ఇయర్‌ఫోను పెట్టుకొని ఏదో పాట వినుచుండును. తండ్రి "ఏమిరా ఆ గోల?" అని గద్దించును. ఒకడు వినిపింపడు, మరియొకడు వినడు. మన చెవికి అలవాటులేని పాటను వినకమునుపే త్రోసివేయుట న్యాయమా?

మొదట ఆ పాటలేవో తెలిసికొందము. ఇండీ అనగా స్వతంత్రము. పెద్ద కంపెనీల ప్రాపు లేక పాడువారే తమ పాటను లోకమునకు పంపుట. 1977లో ఇంగ్లండునందలి మాంచెస్టరులో బజ్‌కాక్స్ అను బృందమువారు సుమారు 500 పౌండ్లు అప్పు తెచ్చి, తమ పాటలను తామే రికార్డుగా వేయించి, మొదట వేయి ప్రతులు తీయించిరి. అది చూచి అనేకులు ధైర్యము తెచ్చుకొనిరి. వాడుకలోనున్న బాణీకి లోబడని పాటను ఆల్టర్నేటివ్ అందురు. వేగముగా, బిగ్గరగా పాడు పంక్ పాటకు తియ్యని వరుస కూడినయెడల అది పాప్ పంక్ అగును.

ఈ తీరున ప్రసిద్ధిగాంచినవారు కాలిఫోర్నియాకు చెందిన గ్రీన్ డే బృందమువారు. 1994లో వచ్చిన వారి డూకీ అను ఆల్బములో బాస్కెట్ కేస్ అను పాట కలదు. గాయకుడు బిల్లీ జో ఆర్మ్‌స్ట్రాంగ్ తన్ను పీడించిన భయాందోళనలనుబట్టి దానిని వ్రాసెను. గోలయని తలుపు వేసికొన్న తండ్రికి ఆ భయము వినబడదు. తన కుమారుడు అట్టి పాటనే మరల మరల ఏల వినుచున్నాడో కూడ అతనికి తెలియదు. ఆ కుమారుని నష్టము ఎంత గొప్పదో ఆలోచించుడి.

ఇది పరదేశపు మాట మాత్రమే కాదు. హైదరాబాదులో టోలిచౌకికి చేరువనే ఫిలింనగరు, జూబిలీహిల్సు కలవు. తెలుగు సినిమాకు అవి నివాసస్థలములు. చాలకాలము మనకు క్రొత్త పాటయనగా సినిమా పాటయే. అయినను ఆ నగరముననే చౌరస్తా అను బృందమువారు సినిమాతో పనిలేక పాటలు కట్టిరి. 2020లో కరోనా వ్యాపించినప్పుడు జనులను హెచ్చరించుచు పాడిరి. ఆ బృందమునందలి రామ్ మిరియాల 2021లో జాతిరత్నాలు సినిమాకు చిట్టి పాట పాడెను. వాకిటి వెలుపల వినబడిన కంఠమునే సినిమావారు లోపలికి పిలిచిరి.

మన గుడిలోని హార్మోనియమును చూడుడి. అది ఐరోపానుండి వచ్చినది. అది మన సంగీతమునకు తగదని ఆలిండియా రేడియోవారు 1940లో దానిని నిషేధించిరి. 1971లో గాని ఆ కట్టు సడలలేదు. ఆ యేండ్లలోను పల్లె గుడులలో దాని తిత్తి ఆడుచునే యుండెను. నేడు దానిని పరాయిదని ఎవరందురు?

అట్లని క్రొత్తదంతయు మంచిదని చెప్పుట లేదు. ఈ పాటలలో బూతుమాటలున్నవి, తోటివానిని తృణీకరించునవి యున్నవి. పాత పాటలలోను అట్టివి లేకపోలేదు. కావున పాట వయస్సును అడుగక, దాని మాట నిజమా, విన్న పిదప నా మనస్సు పొరుగువానియెడల మెత్తబడినదా, కఠినమైనదా అని అడుగుడి. యౌవనస్థులారా, ఈ పరీక్ష మీకును చెల్లును. మీ చేతిలోని ఫోను తరచుగా నిన్న విన్నదానివంటి దానినే నేడును మీ ముందు పెట్టును. అది పెట్టినదానితోనే తృప్తిపడక వెదకుడి. మీ తాతలు పాడిన పాటయు మీకు క్రొత్తదే కావచ్చును.

పెద్దలారా, ఈ వారము ఒక పని చేయుడి. "నాయనా, నీకిష్టమైన పాట ఒకటి వినిపించు" అని అడుగుడి. మొదటినుండి తుదివరకు వినుడి. "ఇందులో నీకేమి నచ్చినది?" అని అడిగి, అతడు చెప్పువరకు ఊరకుండుడి. పిమ్మట మీకు నచ్చనియెడల నచ్చలేదనియే చెప్పవచ్చును. విన్నవాడు చెప్పిన మాట గనుక అతడు దానిని వినును.