నికాహ్‌కు ముందు చెప్పవలసిన మాట

సంతానం అల్లాహ్ ప్రసాదించే వరం. ప్రవక్త జకరియ్యా (అలైహి) వృద్ధాప్యంలో సైతం దానికోసం వేడుకున్నారు. రక్త క్యాన్సర్ నుంచి కోలుకుని పెళ్ళీడుకు వస్తున్న యువకులు నేడు మన విజయవాడ, గుడివాడ, మచిలీపట్నం ప్రాంతాల్లోనూ ఉన్నారు, అల్‌హందులిల్లాహ్! మరి సంబంధం చూసేటప్పుడు ఆ జబ్బు సంగతి దాచవచ్చునా?

లుకేమియా, లింఫోమా జబ్బులే వీర్యకణాలను తగ్గించవచ్చు. సైక్లోఫాస్ఫమైడ్ వంటి మందులు ఎక్కువ మోతాదులో వాడినా, మూలుగ మార్పిడికి ముందు శరీరమంతటికీ రేడియేషన్ ఇచ్చినా నష్టం మరింత పెరుగుతుంది. కొందరిలో కొన్నేళ్ళకు కణాలు తిరిగి వస్తాయి, కొందరిలో రావు. దాంపత్య సామర్థ్యం మాత్రం చాలామందిలో నిలిచే ఉంటుంది. కనుక పైకి చూసి ఎవరూ చెప్పలేరు, పరీక్ష చేయించాల్సిందే.

"లోపాన్ని కప్పి ఉంచమనే కదా ధర్మం చెప్పింది!" అంటారు కొందరు. పాపాన్ని చాటుకోవద్దన్న మాట నిజమే. కాని జబ్బు పాపం కాదు. పైగా ఇందులో మరొకరి హక్కు ఉంది. భార్య అనుమతి లేకుండా గర్భం రాకుండా చేయడాన్ని చాలామంది ఫుకహా ఒప్పుకోలేదు. సంతానం ఆమెకూ హక్కు కనుకనే.

దైవప్రవక్త (స) బజారులో ఒక ధాన్యపు రాశిలో చేయి పెడితే అడుగున తడి తగిలింది. తడిసినదాన్ని పైకి కనిపించేలా ఉంచనందుకు వర్తకుణ్ణి మందలించారు. తేమ ధాన్యం సంగతి డెల్టా రైతుకు వేరే చెప్పనక్కరలేదు. ధాన్యానికే ఇంత నియమముంటే జీవితకాలపు ఒప్పందానికి ఎంత ఉండాలి? సంతానయోగ్యత లేని ఒక వ్యక్తి ఆ సంగతి చెప్పకుండా పెళ్ళాడాడని తెలిసి, భార్యకు తెలియజేసి నిర్ణయం ఆమెకే వదిలేయమని హజ్రత్ ఉమర్ (రజి) ఆదేశించినట్లు ఉల్లేఖనం ఉంది.

అయితే ఊరందరికీ చెప్పనక్కరలేదు. వధువుకూ, ఆమె వలీకీ చెబితే చాలు. విన్నవారికి అది అమానత్. సంబంధం వద్దనుకున్నా బయటపెట్టరాదు. చెప్పేవారు కూడా పరీక్షలో తేలినదే చెప్పాలి. లేని ఆశ చూపరాదు, లేని లోపం అంటగట్టుకోరాదు.

చికిత్స ఇంకా మొదలుకాని యువకుని తల్లిదండ్రులు బిడియపడక డాక్టరును అడగాలి. వీర్యాన్ని మైనస్ 196 డిగ్రీల చలిలో భద్రపరచవచ్చు. 2021 నాటి చట్టం 10 ఏళ్ళ వరకు నిల్వను అనుమతిస్తోంది. 1986లో అమ్మాన్‌లో సమావేశమైన అంతర్జాతీయ ఫిఖ్ అకాడమీ, తగిన జాగ్రత్తలతో, భార్యాభర్తల మధ్య మాత్రమే కృత్రిమ గర్భధారణను సమ్మతించింది. లింఫోమాతో 2020లో మరణించిన ఒక అవివాహితుని నిల్వ వీర్యాన్ని తల్లిదండ్రులకు ఇమ్మని 2024లో ఢిల్లీ హైకోర్టు తీర్పునిచ్చింది. షరీఅత్ దృష్టిలో మాత్రం నికాహ్ లేనిచోట దాన్ని వాడే మార్గం లేదు.

నిజం తెలిసి కాదన్న అమ్మాయిని నిందించరాదు. తెలిసీ 'ఖబూల్' అన్న అమ్మాయి అతని సహనంలో భాగస్వామి. అల్లాహ్ వ్యాధిగ్రస్తులకు స్వస్థతను, మనందరికీ నిజం చెప్పే ధైర్యాన్ని ప్రసాదించుగాక! ఆమీన్.